ముక్కనుమ మర్నాడు రోముకి

సాలూరులో మా చెల్లెలి ఇంటి ముందు లారీ ఆగి ఉందంటే మరిది ఇంట్లో ఉన్నట్టు. ఆయనకి రెండు బండ్లు. ఒకటి డ్రైవరు తిప్పుతాడు, రెండోదాని మీద అవసరమైతే తనే ఎక్కుతాడు. విజయవాడ తర్వాత లారీలంటే సాలూరే అని మా వైపు చెప్పుకుంటారు. అటు ఘాట్ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా, ఇటు విశాఖ పోర్టు దాకా తిరిగే బండ్లే ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకి అన్నం పెట్టాయి.

కిందటి దసరాకి వెళ్ళినప్పుడు చెల్లెలు కంచంలో అన్నం వడ్డిస్తూ అడిగింది. "అప్పా, నువ్వు పిల్లల్ని తీసుకుని యూరప్ వెళ్ళొచ్చావు గదా. మాలాంటోళ్ళకి అవుతాదా?" పక్కన నాలుగేళ్ళ మేనల్లుడు ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా వింటున్నాడు. ఏడేళ్ళ అక్క వాడి మోచేతిని తోస్తోంది.

మరిది చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "మొన్న వేసవిలో నేనూ సూసేను వదినా, నలుగురికీ టికెట్లు. ఆ డబ్బుతో బండికి టైర్లన్నీ మార్పించొచ్చు." ఆయన చూసింది మే నెలాఖరు ప్రయాణానికి, అదీ పది రోజుల ముందు.

అప్పుడు ఆయన్ని ఒక్క మాట అడిగాను. రాయపూర్‌లో సరుకు దింపాక రిటర్న్ లోడు దొరక్కపోతే ఏం చేస్తావని. "ఒకట్రెండు రోజులు సూస్తాను. ఆ తర్వాత డీజిలు ఖర్చులొచ్చినా సాలని, ఎంతకో అంతకి ఎత్తుకొచ్చేస్తాను. ఖాళీ బండి తోలుకొస్తే ఏటి మిగుల్తాది?"

విమానానిదీ అదే లెక్క. సీట్లు నిండినా నిండకపోయినా అది ఎగరాల్సిందే. ఖాళీ గదిని ఒక రాత్రి ఊరికే వదిలేసిన హోటలువాడికి ఆ రాత్రి మళ్ళీ రాదు. మనం అన్‌సీజన్ అనే మాటని లోకువగా వాడతాం గానీ, ఇద్దరు చిన్నపిల్లలున్న మధ్యతరగతి ఇంటికి యూరప్ తలుపు తెరుచుకునేది ఆ అన్‌సీజన్‌లోనే. ఎక్కడ చవక అని వెతికేవాళ్ళు చాలామంది. ఎప్పుడు చవక అని వెతికితే సగం పని అయిపోతుంది. ఆ సంగతి సాలూరు లారీ యజమానికి నేను నేర్పక్కర్లేదు. ఆయన రోజూ చేసే లెక్కని ఇంకోచోట పెట్టి చూపించానంతే.

కాకి కదలని రోజు

యూరప్ నగరాల్లో రద్దీ జూన్ నుంచి ఆగస్టు దాకా. అక్కడి బడుల వేసవి సెలవులు ఎక్కువగా ఆ నెలల్లోనే, మన ఎన్నారై కుటుంబాలూ అప్పుడే తిరుగుతాయి. ఈస్టర్‌కి మళ్ళీ ఓ పోటు. డిసెంబరులో క్రిస్మస్ వెలుగులు, కొత్త సంవత్సరం. ఇటలీలో జనవరి 6న ఎపిఫనీ పండగతో ఆ సందడి ముగుస్తుంది. మర్నాటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నగరాలు ఊపిరి పీల్చుకుంటాయి. గదుల అద్దెలు దిగుతాయి, టికెట్లు దిగుతాయి, మ్యూజియాల ముందు వరుసలు కురచవుతాయి. బట్టల దుకాణాల్లో చలికాలపు తగ్గింపు అమ్మకాలు కూడా జనవరి మొదట్లోనే మొదలవుతాయి.

మన బడుల సెలవులు చూద్దాం. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి. మే నెలలో యూరప్ వాతావరణం హాయిగానే ఉంటుంది, ధరలు మాత్రం అప్పటికే ఎగబాకుతూ ఉంటాయి. దసరా సెలవులు మంచివి. సెప్టెంబరు ఆఖర్లో, అక్టోబరులో దక్షిణ యూరప్ ఇంకా వెచ్చగా ఉంటుంది. కానీ విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం విడిచి మా వాళ్ళు కదలరు. మిగిలింది సంక్రాంతి. సుమారు జనవరి 10 నుంచి 18 దాకా బడులు మూస్తారు. యూరప్‌లో అన్నిటికంటే ఖాళీగా ఉండే వారాలూ అవే. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఎవరూ ఇది చెప్పలేదే అనిపించింది.

చెల్లెలి అత్తగారు అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నారు. "పండగ పూట గొళ్ళెం పెట్టి పోతారా? కనుమనాడు కాకి కూడా కదలదు. మీరు ఇమానం ఎక్కుతారా?"

ఆ మాట వాదించి గెలవాల్సింది కాదు. భోగి మంట దగ్గర పిల్లలు లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పండగని పణం పెట్టి మిగిల్చుకునే డబ్బు నాకూ వద్దు. అందుకే క్యాలెండరు మళ్ళీ తీశాం. ముక్కనుమ జనవరి 16న గానీ 17న గానీ పడుతుంది. 18న బయల్దేరి 26న అక్కడ తిరుగు విమానం ఎక్కితే రిపబ్లిక్ డే సెలవు కూడా కలిసొస్తుంది. పెద్ద పిల్లకి వారం పైన బడి పోతుంది. రెండో తరగతిలో వారం పోతే మునిగిపోయేదేమీ లేదు. ముందే టీచరుకి చెప్పి, ఆ వారం పాఠాలు అడిగి తీసుకుంటే చాలు. పిల్లాడికి ఇంకా ఒకటో తరగతే రాలేదు. బడికి వెళ్ళని వయసు పిల్లలున్న ఇంటికి ఏడాదంతా సెలవే. ఆ రెండు మూడేళ్ళు గడిచిపోయాక మళ్ళీ రావు. చిన్నపిల్లలు కదా, పెద్దయ్యాక చూద్దాం అని వాయిదా వేసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. పెద్దయ్యాక పరీక్షలుంటాయి, ట్యూషన్లుంటాయి, ప్రతిదానికీ పూర్తి టికెట్టు ఉంటుంది.

"అయితే ముక్కనుమ మర్నాడు ఎల్లండి," అన్నారు అత్తగారు. ఆ రాత్రికి అంతవరకు తేలింది.

వయసే తగ్గింపు

చిన్నపిల్లలతో ప్రయాణం ఖరీదు అనుకుంటాం. కొన్నిచోట్ల వాళ్ళ వయసే పెద్ద రాయితీ.

షెంగెన్ వీసానే తీసుకోండి. 29 దేశాలకి ఒకటే వీసా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు. 6 ఏళ్ళు నిండి 12 లోపు పిల్లలకి 45. ఆరేళ్ళ లోపు వాళ్ళకి ఏమీ లేదు. మా చెల్లెలి కుటుంబానికి రెండు తొంభైలు, ఒక నలభై అయిదు, ఒక సున్నా, మొత్తం 225 యూరోలు. యూరోని వంద రూపాయలనుకుంటే ఇరవై రెండున్నర వేలు. దీనిమీద దరఖాస్తు కేంద్రం వాళ్ళ సేవా రుసుము వేరే. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు.

విమానంలో రెండేళ్ళ లోపు బిడ్డ ఒళ్ళో కూర్చుంటే పెద్దవాళ్ళ టికెట్టులో సుమారు పదోవంతే తీసుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బిడ్డకి రెండేళ్ళు తిరుగు ప్రయాణానికి ముందే నిండితే వెనక్కి వచ్చేటప్పుడు సీటు కొనాలి. పుట్టినరోజు చూసుకుని తేదీలు పెట్టుకోవాలి. రెండేళ్ళు దాటిన పిల్లల టికెట్టులో తగ్గింపు పెద్దగా ఉండదు, అందుకే మాకు నాలుగు సీట్ల ఖర్చు తప్పదు.

ఇక ఊళ్ళోకి వెళ్ళాక. రోములో పదేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే బస్సు, మెట్రో ఉచితం. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో, పురావస్తు స్థలాల్లో 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ప్రవేశం ఉచితం, ఏ దేశం పిల్లలైనా సరే. కొలోసియం అంతే, పాంథియన్ అంతే. హోటల్లో రాత్రికింత అని వేసే నగర పన్ను కూడా రోములో పదేళ్ళ లోపు పిల్లలకి లేదు. వియన్నాలో జాతీయ మ్యూజియాలు 19 ఏళ్ళ లోపు వాళ్ళకి ఉచితం. పారిస్‌లో లూవ్ర్ 18 లోపు వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోదు. ప్రాగ్‌లో పదిహేనేళ్ళ లోపు పిల్లలు ట్రాముల్లో ఊరికే తిరగొచ్చు.

ఇన్ని రాయితీలున్నా యూరప్ అంటే మనలో భయం పోదు. మా వైపు నుంచి పూర్వం అక్కడికి వెళ్ళినవాళ్ళంటే జమీందారులే గుర్తొస్తారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెను విజయనగరం రాజకుమారుడు విజ్జీ. అంతకు చాలా ముందే, 1867లో, లండన్ హైడ్ పార్కులో విజయనగరం మహారాజా డబ్బుతో మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టారు. 1964లో దాన్ని తీసేశారు, ఇప్పుడు అక్కడ గుర్తుగా ఒక ఫలకం ఉంది. పోతం జానకమ్మ అనే తెలుగు మహిళ తన ఇంగ్లండు ప్రయాణం గురించి రాసిన పుస్తకం 1876లోనే మద్రాసులో వెలువడింది. ఆ రోజుల్లో ఓడెక్కిన ఆడమనిషి ధైర్యం తలుచుకుంటే మన భయాలు చాలా చిన్నవి.

లండన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. అక్కడ ప్రవేశం అందరికీ ఉచితం. తెలుగు పిల్లలకి చూపించాల్సినవి అవి. కానీ బ్రిటన్‌కి షెంగెన్ వీసా పనికిరాదు, వేరే తీసుకోవాలి. అక్కడ నాలుగేళ్ళ వాడికీ నలభై ఏళ్ళ వాడికీ ఒకటే రుసుము. బస కూడా ప్రియం. ఈ ఇంటికి ఈ ఏడాది లండన్ కాదని తేల్చేశాం. మనసు కొంచెం పీకింది గానీ, అమరావతి ఎక్కడికీ పోదు.

చీటీ డబ్బు, బ్యాంకు ఖాతా

సాలూరులాంటి ఊళ్ళ వాళ్ళకి వీసా దగ్గర ఎదురయ్యే అసలు చిక్కు డబ్బు లేకపోవడం కాదు, ఉన్న డబ్బు కాగితం మీద కనబడకపోవడం. మరిదికి కిరాయి సగం చేతికే వస్తుంది. చెల్లెలు చీటీలు కడుతుంది. చీటీ పాడుకుని ఆ మొత్తాన్ని దరఖాస్తుకి వారం ముందు ఖాతాలో వేసేద్దామన్నది వాళ్ళ ఆలోచన. ఆ పని చెయ్యొద్దన్నాను. వీసా అధికారి చూసేది చివరి రోజు నిల్వ ఒక్కటే కాదు. నెలనెలా ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఈ కుటుంబం తిరిగి వచ్చి ఇదే పని చేసుకుంటుందా అన్నది చూస్తాడు. ఉన్నట్టుండి పడిన పెద్ద మొత్తం వాడి కంట్లో నలుసవుతుంది. చీటీ ఎత్తాలనుకుంటే ఆర్నెల్ల ముందే ఎత్తి ఖాతాలో ఉంచాలి. కిరాయిలు వీలైనంతవరకు బ్యాంకులో వేయించుకోవాలి. ఆదాయపు పన్ను రిటర్నులు రెండు మూడేళ్ళవి చేతిలో ఉండాలి. లారీల ఆర్‌సీలు, ఇంటి పన్ను రసీదు, అమ్మాయి బడి నుంచి సెలవు అనుమతి పత్రం, ఇవన్నీ మేం తిరిగొచ్చే మనుషులం అని చెప్పే సాక్ష్యాలు.

పాస్‌పోర్టుల పని అంతకంటే ముందు. పిల్లల పాస్‌పోర్టుకి రుసుము 1000 రూపాయలు, ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అందులో పది శాతం తగ్గింపు. అది అయిదేళ్ళే చెల్లుతుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే ఒప్పుకుంటారు. ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఆస్పత్రిలో పుట్టగానే పేరు లేకుండా తీసుకున్న ధ్రువపత్రం అలాగే బీరువాలో ఉండిపోతుంది. మా మేనల్లుడిదీ అంతే. మున్సిపాలిటీకి వెళ్ళి పేరు ఎక్కించుకుని వచ్చేసరికి కొన్ని వారాలు పట్టింది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అది కూడా సరిచేయించాలి. తల్లిపేరు, తండ్రిపేరు, పిల్లల పేరు, నాలుగు పాస్‌పోర్టుల్లోనూ టికెట్లలోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, పదిహేను రోజుల కంటే దగ్గరపడకూడదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా పడుతుంది. జనవరి ప్రయాణానికి అక్టోబరులోనో నవంబరు మొదట్లోనో హైదరాబాద్ వెళ్ళి పని ముగించుకోవాలి. పాస్‌పోర్టులు తిరిగి వచ్చేదాకా విమానం టికెట్లకి పూర్తి డబ్బు కట్టకుండా రద్దు చేసుకోగల బుకింగ్‌తో దరఖాస్తు వేయడం నా అలవాటు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. చిన్నపిల్లలున్నవాళ్ళు అది వీసా కోసమని కాక తమ కోసమని చదివి తీసుకోవాలి.

మరొకటి. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త నమోదు పద్ధతి మొదలైంది. దిగగానే ఫొటో తీసుకుంటారు, పెద్దవాళ్ళ వేలిముద్రల్ని వీసాకి ఇచ్చినవాటితో సరిచూడొచ్చు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఫొటో ఒక్కటే. ఆ వరుసలో పిల్లలు విసుగెత్తకుండా చేతిసంచిలో ఏదో ఒకటి తినడానికి ఉండాలి.

ఒక ఊరు, ఆరు రాత్రులు

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. తొమ్మిది రోజుల్లో మూడు దేశాలు పెట్టుకున్నాను. ఇంత డబ్బు పోసి వెళ్తున్నాం, అన్నీ చూసేద్దాం అనే ఆశ. రెండో ఊళ్ళో చిన్నాడికి జ్వరం వచ్చింది. మూడో ఊరి రైలు టికెట్లు తిరిగి డబ్బు రానివి. మరిగే ఒంటితో వాణ్ణి ఎత్తుకుని రైలెక్కాను. వాడు కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తప్పు ఎవరిదీ కాదు, నా ఆశదే. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అందుకే చెల్లెలికి చెప్పాను. ఒక ఊరు, ఆరు రాత్రులు, ఒకే ఇల్లు. మంచం మారకపోతే చిన్నపిల్లలు సగం సర్దుకుంటారు. ఊరు మారకపోతే రైలు ఖర్చు మిగులుతుంది. అన్ని రాత్రులకీ కలిపి ఒకే ఇల్లు తీసుకుంటే రోజు అద్దె కంటే తగ్గించేవాళ్ళుంటారు.

ఏ ఊరు? జనవరిలో వియన్నా, ప్రాగ్ అందంగా ఉంటాయి, కానీ ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఆడుతుంది. రోములో పగలు 12 డిగ్రీల చుట్టూ, రాత్రి 3 చుట్టూ ఉంటుంది. డిసెంబరులో తెల్లవారుజామున అరకు చూసిన పిల్లలు ఆ చలిని తట్టుకోగలరు. పైన నీళ్ళు దిగని కోటు, లోపల ఒకటి మీద ఒకటి రెండు మూడు పొరలు, చెవులు మూసే టోపీ ఉంటే చాలు. వాన పడుతుంది, నెలలో వారం రోజులైనా. సాయంత్రం అయిదు దాటితే చీకటి పడుతుంది. ఆ రెంటికీ మనసు సిద్ధం చేసుకోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పకుండా ఉండలేను. గుంటూరు వైపు వినుకొండ దగ్గర భూమిలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితం గ్రీకులో రాసిన ఓడ వర్తకుల పుస్తకం పెరిప్లస్, మసాలియా అనే మన కోస్తా తీరాన్నీ అక్కడ నేసే సన్నని బట్టనీ పేర్కొంటుంది. మన నేతకి వెల కట్టిన ఊరు అది. పిల్లలకి కొలోసియం ముందు ఈ ముక్క చెబితే ఆ రాళ్ళు పరాయివిగా అనిపించవు.

సాలూరు నుంచి దారి ఇలా అనుకున్నాం. విజయనగరం దాకా రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఒకచోట విమానం మారి రోము. ఒకే టికెట్టు మీద రెండు విమానాలూ ఉండాలి. వేర్వేరుగా కొంటే చవగ్గా కనిపిస్తాయి, మొదటిది ఆలస్యమైతే రెండోది గంగలో కలుస్తుంది. హైదరాబాద్‌లో రైలు దిగాక కనీసం ఒక పూట ఖాళీ ఉంచుకోవాలి. రైళ్ళని నమ్మినా పొగమంచుని నమ్మకూడదు.

ఇల్లు తీసుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలి. లిఫ్టు ఉందా? రోములో పాత భవనాలు ఎక్కువ, నాలుగో అంతస్తుకి పిల్లాణ్ణీ సామానునీ మోయడం పులిమీద స్వారీ. వంటగది ఉందా? మెట్రోకి ఎన్ని నిమిషాలు? హీటింగ్ ఏ గంటల్లో వేస్తారు? ఈ చివరిది మనకి తట్టని ప్రశ్న. అక్కడ భవనమంతటికీ కలిపి ఉండే హీటింగుని రోజంతా వెయ్యరు, గంటలు నిర్ణయించి ఉంటాయి. రాత్రుళ్ళు ఆగిపోతే అదనపు దుప్పట్లు ఇస్తారేమో ముందే అడగాలి.

చలికాలంలో రోము మనకి నాలుగున్నర గంటలు వెనక. పొద్దున ఆరింటికి లేచే పిల్లలు అక్కడ రాత్రి ఒంటిగంటన్నరకి కళ్ళు తెరుస్తారు. మొదటి రెండు రోజులు వాళ్ళతో పోట్లాడొద్దు. ఉప్మా చేసి పెట్టి, ఏడింటికల్లా బయటికి నడిపించండి. వేసవిలో అడుగు పెట్టడానికి చోటుండని ట్రెవీ ఫౌంటెన్ ముందు ఆ వేళకి నీటి చప్పుడు వినబడుతుంది. సెయింట్ పీటర్స్ చర్చి ఏడింటికే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి శిల్పం ముందు ఆ వేళ నేను పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డాను. జెట్‌ల్యాగ్ నాకిచ్చిన కానుక అది.

రోజుకి ఒక్క పెద్ద చోటు. అంతకు మించొద్దు. కొలోసియం ఒక పూట. మిగతా పూట పిల్లలది. జానికులమ్ అనే గుట్ట మీద ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. 1904లో అక్కడ మొదలైన ఆనవాయితీ, మధ్యలో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ సాగుతోంది. దాని కోసం పిల్లలు ఎంత దూరమైనా నడుస్తారు. జూలియస్ సీజర్‌ని పొడిచి చంపిన చోటు శిథిలాల్లో ఇప్పుడు పిల్లులు కాపురముంటాయి, వాటికో సంరక్షణ కేంద్రం ఉంది. రోమన్ చరిత్ర మొత్తం మరిచిపోయినా మా పిల్లలు ఆ పిల్లుల్ని మరిచిపోలేదు. విల్లా బోర్ఘేసే తోటలో పరుగెత్తడానికి డబ్బు అక్కర్లేదు. ఓస్టియా ఆంటికా అనే పాత రేవు పట్నానికి ఊళ్ళో బస్సు టికెట్టుతోనే రైల్లో వెళ్ళొచ్చు. అక్కడ రోమన్ల వీధులు, పిండి మరలు, వరుస మరుగుదొడ్లు ఉన్నాయి. చివరివి చూసి ఏ ఏడేళ్ళ పిల్లా నవ్వకుండా ఉండలేదు.

వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం అందరికీ ఉచితం. పిల్లలతో ఆ రోజు వెళ్ళొద్దంటాను. వీధి చుట్టూ తిరిగే ఆ వరుసలో నిలబడి మిగిల్చుకునే యూరోలు పిల్లల ఓర్పు కంటే విలువైనవి కావు. డబ్బు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్ళండి. పొదుపు అంటే ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడం కూడా.

వీధులు నల్లరాతి ముక్కలతో పరిచి ఉంటాయి. చిన్న చక్రాల స్ట్రోలర్ వాటి సందుల్లో ఇరుక్కుంటుంది. పెద్ద చక్రాలది, మడిచేది తీసుకోవాలి, లేకపోతే పాత చీరతో వీపున కట్టుకోవాలి. మా వైపు కొండ ఊళ్ళ తల్లులు బిడ్డల్ని ఎలా కట్టుకుంటారో చెల్లెలు చిన్నప్పటి నుంచీ సంతలో చూసింది. దానికి ఈ విద్య ఎవరూ చెప్పక్కర్లేదు.

తిండి మీద అందరూ భయపెడతారు. నాకు ఇది తేలిక భాగం. పొద్దునా రాత్రీ ఇంట్లో, మధ్యాహ్నం బయట. రోములో పిజ్జాని పెద్ద రేకుల మీద కాల్చి, కత్తెరతో కోసి, తూకానికి అమ్ముతారు. ఉత్త టమాటాది, బంగాళాదుంపది అడిగితే పిల్లలకి కారం లేకుండా కడుపు నిండుతుంది. టెర్మినీ స్టేషనుకి దగ్గర్లో ఎస్క్విలీనో బజారు ఉంది. బంగ్లాదేశీ, భారతీయ కొట్లలో బియ్యం, కందిపప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయలు దొరుకుతాయి. అందుకని బరువంతా సాలూరు నుంచి మోసుకెళ్ళక్కర్లేదు. చిన్న రైస్ కుక్కరు, చింతపండు, పోపు దినుసులు, ఆవకాయ, రెండు పొట్లాల ఉప్మా రవ్వ సరిపోతాయి. అక్కడి కరెంటు మనలాంటిదే, ప్లగ్గు మాత్రం వేరు, అడాప్టర్ కావాలి.

పట్టుకెళ్ళకూడనివి కూడా ఉన్నాయి. యూరప్‌లోకి బయటి నుంచి మాంసం, పాలు, పాలతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లో వదిలేయాలి. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది, సీలు తియ్యని డబ్బా అయితే మనిషికి రెండు కిలోల దాకా. పచ్చి కరివేపాకు కుదరదు, పళ్ళలో అరటిపండు పర్లేదు. సంచిలో జ్వరం మందు, థర్మామీటరు, డాక్టరు రాసిచ్చిన చీటీ ఉండాలి. పచ్చ రంగు శిలువ గుర్తు కనిపిస్తే అది మందుల షాపు. అత్యవసరమైతే 112.

ఈ సంగతులన్నీ చెల్లెలు పాత లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో రాసుకుంది. ముందు పేజీల్లో డీజిలు, టోలు, క్లీనరు బత్తా. మరిది వచ్చే జనవరి 18 కింద ఎర్ర గీత గీశాడు. మేనల్లుడు ఫిరంగి దగ్గరే ఆగిపోయాడు. రోజూ పేలుస్తారా, ఆదివారం కూడానా అని పదిసార్లు అడిగాడు.

అత్తగారు ఈ లెక్కలన్నీ వింటూ ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్తూ ఆగారు. "నీళ్ళు కూడా కొనుక్కోవాలేటి ఆ ఊర్లో?"

లేదత్తా, అన్నాను. రోము వీధుల్లో రెండు వేల అయిదు వందల దాకా కుళాయిలున్నాయి. పగలూ రాత్రీ నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఎవరైనా తాగొచ్చు. కుళాయి ముక్కు కింద వేలు పెట్టి మూస్తే పైన చిన్న రంధ్రం లోంచి నీటిధార పైకి లేస్తుంది, పిల్లలు నోరు పెట్టి తాగుతారు.

ఆవిడ కాసేపు ఆలోచించారు. "మరి నెయ్యి పట్టికెల్లకూడదన్నావు. అరిసెలు?"

నూనెలో వేసినవైతే ఏ ప్రశ్నా ఉండదన్నాను.

"అయితే ఈ పాలి భోగికి ముందే ఓ కుంచెడు ఎక్కువ పిండి కొట్టిస్తాను. నూనెతోనే ఏద్దుం," అన్నారు.